ఒక్క అడ్డగీత

డార్సీ హౌగెన్ పనిముట్ల పెట్టె ఉండాల్సిన చోట లేదు.

సోమవారం పొద్దున ఆరున్నర. రిజర్వు సైన్యం వాళ్ళ రెండు వారాల క్యాంపు నుంచి ఆమె నిన్ననే తిరిగి వచ్చింది. మెడ మీద ఎండకు కమిలిన చర్మం ఇంకా మంట పుడుతోంది. ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, స్కూలు బస్సుల షెడ్డులోకి అడుగుపెట్టి, గుంట దగ్గర ఆగిపోయింది. ఏడేళ్లుగా ఆమె నీలం పెట్టె నిలబడ్డ గోడ పక్కన ఇప్పుడు ఎర్ర పెట్టె ఒకటి నిలబడి ఉంది. మూత మీద తోటి మెకానిక్ ట్రెంట్ పేరు.

షెడ్డు మొత్తానికి అడుగున దిగి బస్సు కడుపు చూడగలిగే గుంట అదొక్కటే. బ్రేకులు కొలవాలంటే అక్కడే కొలవాలి. అందుకే ఆ గోడ పక్కన ఎవరి పెట్టె ఉంటే షెడ్డు వాళ్ళదని అందరికీ తెలుసు.

ఆమె వెతుక్కుంటూ వెనక్కి నడిచింది. బస్సులు కడిగే చోట, నీళ్ళు పోయే కాలువ పక్కన కనబడింది. చక్రాలు తడిలో ఉన్నాయి. కదలకుండా ఒక్కో చక్రం కింద ఒక్కో చెక్కముక్క బిగించి కొట్టారు. అట్టడుగు సొరుగు లాగితే కీచుమంది. బ్రేకు కొలిచే ఉక్కు స్కేలు మీద ఎర్రగా తుప్పు పొడలు. పానాలు ఒక్కొక్కటీ తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

మెకానిక్ పెట్టె కంపెనీది కాదు. అందులో ప్రతి పానా మెకానిక్ తన కష్టంతో కొనుక్కున్నది. మూత తెరిచే ఉన్నా పక్కవాడు అడక్కుండా చెయ్యి పెట్టడు. తాగుబోతు మెకానిక్‌లు కూడా ఈ మర్యాద తప్పరు. అలాంటిది, మనిషి ఊళ్ళో లేనప్పుడు పెట్టెను మురుగు కాలువ పక్కకు తోశారు.

వెనక అడుగుల చప్పుడైంది. ఆర్నీ. అరవై ఆరేళ్ళ మనిషి, ఇరవై ఏళ్లుగా ఫోర్‌మన్. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు.

"వచ్చావా? క్యాంపు ఎలా జరిగింది?"

"ఎవరు తోశారు?"

"ఎండలు బాగా కాసాయంటగా అక్కడ."

"ఆర్నీ. ఎవరు తోశారని అడిగాను."

అతను టోపీ తీసి లోపలికి చూశాడు, జవాబు అందులో రాసి ఉన్నట్టు. "వెండెల్ తోయమన్నాడు. నేనూ ట్రెంటూ తోశాం. సొరుగు ఒక్కటి కూడా తెరవలేదు, ఒట్టు."

"చెక్కలు ఎవరు కొట్టారు?"

"నేనే. నేల వాలుగా ఉంది కదా, జారి కాలవలో పడుతుందని."

"ఎంత దయ!" అంది డార్సీ.

అతను టోపీ పెట్టుకున్నాడు. "ఒకటో తారీకు నుంచి ట్రెంట్ ఫోర్‌మన్. నా నోటితో నేనే చెబుదామని పెందలాడే వచ్చా."

నా తర్వాత ఈ షెడ్డు నీదే అని పోయిన క్రిస్‌మస్ పార్టీలో అందరి ముందూ భుజం తట్టి చెప్పింది ఈ మనిషే. ఆ మాట ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ ఎత్తలేదు.

ఓనరు వెండెల్ ప్రీబ్ ఎనిమిదింటికి వచ్చాడు. అతని ఆఫీసు గోడ మీద మూడడుగుల చేప ఒకటి, కుళ్ళకుండా గడ్డి కూరి, రంగు వేసి బిగించి ఉంటుంది. ఎవరు లోపలికి వెళ్ళినా ముందు దాని నోరే కనబడుతుంది.

"రా రా, మన వీరనారి! నిన్ను చూస్తే నాకు ఎంత గర్వంగా ఉంటుందో తెలుసా?"

"నా పెట్టె మురుగు కాలవ పక్కన ఉంది."

"కూర్చో ముందు."

"నిలబడతాను."

"చూడు డార్సీ, ఫోర్‌మన్ అన్నాక రోజూ కళ్ళ ముందు ఉండాలి. నువ్వేమో నెలకో శని ఆదివారాలు పోతావు. వేసవిలో రెండు వారాలు. రేపు ఏ దేశం పంపుతారో నీకే తెలీదు. తప్పు పట్టడంలేదు. దేశసేవ అది. కానీ నా వైపు నుంచి కూడా ఆలోచించాలి కదా."

"చట్టం ఉంది. వెళ్ళొచ్చినవాళ్ళ పని వాళ్ళకి ఇవ్వాలి."

"ఇచ్చాను కదా! నీ పని నీకుంది. నీ జీతంలో సెంటు తగ్గలేదు. పెట్టె ఏ గోడ పక్కన ఉండాలో చట్టంలో ఎక్కడ రాశారో చూపించు."

అలా అని నవ్వాడు. చట్టాన్ని అతను బాగానే చదువుకున్నాడు, ఎక్కడ ఆగిపోతుందో చూసుకోవడానికి. తర్వాత సొరుగులోంచి ఒక కాగితం తీసి, ఆమె వైపు తిప్పి బల్ల మీద పెట్టాడు.

రిజర్వు సైనికులకు అండగా నిలిచిన యజమానులకు చెక్క ఫలకం ఒకటి ఇస్తారు. తన యజమానికి అది ఇవ్వమని సైనికుడే అడగాలి. అదీ ఆ కాగితం. టైపు అంతా అయిపోయి ఉంది, డార్సీ రాసినట్టుగానే, 'నేను' 'నాకు' అంటూ. కింద గీత ఒక్కటే ఖాళీ.

"గురువారం స్కూలు బోర్డు అధ్యక్షురాలు వస్తోంది షెడ్డు చూడ్డానికి. కాంట్రాక్టు ఇంకో ఐదేళ్ళు ఇవ్వాలో వద్దో తేల్చేది ఆవిడే. ఫలకం ఇచ్చే కర్నల్‌తో కూడా మాట్లాడేశా, అదే రోజు తెస్తానన్నాడు. నీ సంతకం ఒక్కటే తరువాయి."

డార్సీ మూడో వాక్యం దగ్గర ఆగింది. నేను సైనిక విధులకు వెళ్ళినప్పుడల్లా నా స్థానాన్ని నా కోసం అలాగే అట్టిపెట్టారు.

ఆమె కాగితాన్ని మళ్ళీ అతని వైపు తిప్పి, బయటికి వచ్చేసింది. తలుపు వెయ్యలేదు. వేస్తే అద్దం పగిలేట్టు వేస్తానని ఆమెకి తెలుసు.

*

స్కూళ్ళు తెరవడానికి ఇంకా పది రోజులే ఉంది. ముప్ఫై రెండు బస్సులకీ బ్రేకు కాగితాలు పూర్తయితే తప్ప రాష్ట్రం ఇన్‌స్పెక్టరు స్టిక్కరు అంటించడు. ఆ కాగితాల మీద సంతకం పెట్టే అర్హత షెడ్డులో ఇద్దరికే ఉంది, ఆర్నీకి, డార్సీకి. ట్రెంట్ ఆ పరీక్ష రెండుసార్లు తప్పాడు.

మంగళవారం పదకొండో నంబరు బస్సు గుంట మీదికి వచ్చింది. డార్సీ సుద్దముక్క, తుప్పు గీకిన స్కేలు పట్టుకుని కిందికి దిగింది. ట్రెంట్ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

"ఫోర్‌మన్ గారూ!" అని కింద నుంచి అరిచింది. "తమరు కాస్త బ్రేకు తొక్కుతారా?"

బ్రేకుల్లోంచి గాలి బుస్సుమంది. బ్రేకు కడ్డీ ముందుకు జరిగింది. సుద్దగీత నుంచి ఎంత జరిగిందో కొలిచింది. ఒకటీ ముప్పావు. రెండంగుళాలు దాటకపోతే చాలు.

"వదులు!"

చక్రం తర్వాత చక్రం. తొక్కు, వదులు. ఆమె అంకె చెబుతుంటే అతను పైన రాసుకుంటున్నాడు. మధ్యాహ్నం క్యాంటీన్ బల్ల దగ్గర ఆ కాగితం చూసి డార్సీ ఆగిపోయింది. వెనక కుడి చక్రం గడిలో ఒక అంకె రాసి, దాని మీద పెన్నుతో గిరగిరా తిప్పి నల్లగా పూసేసి, పక్కన ఇంకో అంకె వేశాడు.

"ఏంటిది?"

"తప్పు పడింది. దిద్దాను."

"ఎన్నిసార్లు చెప్పాను నీకు? తప్పు పడితే ఒక్క అడ్డగీత. ఒక్కటే. కింద ఏముందో కనబడుతూ ఉండాలి. పక్కన పొడి అక్షరాలు, తేదీ. ఇలా పూసేస్తే కింద ఏం దాచావో అనుకుంటాడు ఇన్‌స్పెక్టరు. అడ్డగీత కొడితే, అవును, తప్పు చేశాను, నేనే, ఈ రోజున అని చెప్పినట్టు. అది చెప్పడానికి సిగ్గయితే మనం పిల్లలెక్కే బస్సులు ముట్టుకోకూడదు."

ట్రెంట్ కొత్త కాగితం తీసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లలు. పని వచ్చినవాడే. ఆ పనిలో సగం ఆమె నేర్పిందే. అంకెలు మళ్ళీ రాస్తూ, తల ఎత్తకుండా అన్నాడు.

"నేనడగలేదు డార్సీ. ఆయనే పిలిచి ఇస్తానన్నాడు."

"వద్దన్నావా?"

ఇంకో అంకె వేశాడు. "అనలేదు."

"అయితే రాయి."

క్యాంపులో ఆమె సార్జెంట్, చేతి కింద ఎనిమిది మంది, నలభై ట్రక్కులు. ఫలానా ట్రక్కు కదలదు అని ఆమె అంటే మేజరైనా సరే దిగి నడవాల్సిందే. ఇక్కడ మురుగు కాలువ పక్కకి వెళ్ళి స్కేలు తెచ్చుకోవాలి. ఆ రోజు అటూ ఇటూ పందొమ్మిదిసార్లు నడిచింది. లెక్కపెట్టింది కూడా, కోపం చల్లారకుండా ఉండాలని.

*

బుధవారం భోజనాల వేళ ఆర్నీ తన పికప్ ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని ఆమెను పిలిచాడు. సాసేజ్ పెట్టిన రై ధాన్యం రొట్టెలు, పొట్లం నిండా తాజా చీజ్ ముక్కలు. అతని భార్య లొరేన్ ఎప్పుడూ ఇద్దరికి సరిపడా కడుతుంది.

"తిను."

"ఆకలి లేదు."

"కోపానికీ తిండికీ ఏం సంబంధం? తిను."

ఆమె ఒక చీజ్ ముక్క నోట్లో వేసుకుంది. తాజాది కదా, పళ్ళ కింద కీచుమంది.

"సంతకం పెట్టెయ్ డార్సీ," అన్నాడు ఆర్నీ.

"ఓహో. నిన్ను పంపాడా?"

"పంపాడు. పంపకపోయినా చెప్పేవాణ్ణే. ఈసారి మనతో పాటు ఆ పెద్ద కంపెనీ కూడా పోటీకి వచ్చింది, మూడు జిల్లాల స్కూలు బస్సులు నడుపుతున్నారే, వాళ్ళు. వాళ్ళకి కాంట్రాక్టు పోతే ఈ షెడ్డుకి తాళమే. రిపేర్లన్నీ వాళ్ళ ఊళ్ళోనే చేసుకుంటారు. ఇక్కడ ఎంత మంది బతుకుతున్నారు? లొరేన్ ఇంకా మూడో నంబరు బస్సు నడుపుతోంది. నా మోకాళ్ళకి ఆపరేషన్ ఉంది, ఆవిడ ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్స్ మీదే."

"అందుకని నేను అబద్ధం చెప్పాలా?"

"చెక్కముక్క అది! గోడకి కొట్టుకుంటాడు, చేప పక్కన. నీకేం పోయింది?"

"నా చోటు పోయింది ఆర్నీ. పోయిందాన్ని ఇంకా నా దగ్గరే ఉందని నా చేతే రాయిస్తున్నాడు. నీకది తెలీడంలేదా, తెలిసి తెలీనట్టున్నావా?"

ఆర్నీ రొట్టె పొట్లంలో పెట్టేశాడు. తర్వాత, ఎప్పుడూ అననిది అన్నాడు. "నువ్వు లేని శనివారాలు నీ బస్సులు ఎవరు చూశారనుకున్నావ్? ఏడేళ్ళు. ఎప్పుడైనా నీతో ఒక్క మాట అన్నానా?"

అనలేదు. నిజమే. సోమవారాలు వచ్చి చూస్తే ఆమె బస్సులకి గ్రీజు పెట్టి ఉండేది, పానాలకి నూనె రాసి ఉండేది. ఆమె కాఫీ కొనిచ్చేది. అంతటితో సరిపోయిందనుకుంది. ఇన్నాళ్ళూ దాచి దాచి, వెండెల్ ప్రీబ్ కోసం బయటికి తీశాడు ముసలాయన. ఒళ్ళు మండిపోయింది.

"కాగితం ఉందా నీ దగ్గర?"

ఉంది. జేబులోనే ఉంది. ఆమె దాన్ని ట్రక్కు తలుపు మీద పరిచి, రెండోసారి చదవకుండా, సంతకం పెట్టింది. మూల మీద బొటనవేలి గ్రీజు ముద్ర పడింది. ఏడేళ్ళలో, కొలవకుండా ఆమె పెట్టిన సంతకం అదొక్కటే.

"ఇక మనకి చెల్లు," అంది.

"అలా అనకు."

"అలాగే అంటాను."

వెండెల్ మీద కోపం ఒక ఎత్తు. అది హాయిగా ఉంటుంది, ఎదుటివాడి తప్పు మీద కదా. ఇది తన చేతి మీద కోపం. చెయ్యి కడుక్కున్నా పోలేదు.

*

గురువారం పదింటికి వెండెల్ టై కట్టుకుని వచ్చాడు. సైనిక యూనిఫాం వేసుకు రమ్మని డార్సీకి ముందు రోజే కబురు పంపాడు. డార్సీ గ్రీజు మరకల ఓవరాల్‌తోనే వచ్చింది. ఆమెను చూసి అతని మొహం ముడుచుకుంది. కాని అప్పటికే అతిథులు కారు దిగుతున్నారు.

స్కూలు బోర్డు అధ్యక్షురాలు మిసెస్ ఆస్‌బర్గ్ పొట్టిగా, చేతిలో పాల ఫారం వాళ్ళిచ్చే ఉచిత నోటుపుస్తకంతో ఉంది. రిటైరైన కర్నల్ లిండ్‌క్విస్ట్‌కి డెబ్బై దాటి ఉంటాయి. పొడుగ్గా, ఎండిపోయినట్టుండే మనిషి. ఫలకం ఉన్న ఆకుపచ్చ సంచిని చంకలో పట్టుకుని వచ్చాడు. షెడ్డులో పనివాళ్ళంతా చేతులు తుడుచుకుంటూ చుట్టూ చేరారు. ఆఫీసమ్మాయి ఫోను పట్టుకుని ఫోటోకి సిద్ధమైంది.

"ఆఫీసులో తీద్దామా? వెనక మా చేప కూడా పడుతుంది," అన్నాడు వెండెల్. ఎవరూ నవ్వలేదు.

"ఆఫీసుల్లో ఫోటోలు నాకు సరిపడవు," అన్నాడు కర్నల్. "నాదొక అలవాటు. సార్జెంట్ పనిచేసే చోట తీస్తాం. ఎక్కడమ్మా నీ చోటు?"

వెండెల్ ఆమెకన్నా ముందే కదిలాడు. "ఇదిగో సార్, ఇదే. ఈ గుంట దగ్గరే. షెడ్డు మొత్తానికి ప్రాణం ఇదే." అని ఎర్ర పెట్టె పక్కన నిలబడి, మూత మీద పేరు కనబడకుండా మోచెయ్యి ఆనించాడు. పక్కనే ఉన్న ట్రెంట్ నేల చూశాడు.

ఆ మోచెయ్యి అలా ఆనించకుండా ఉంటే డార్సీ నోరు మూసుకునే నిలబడేదేమో. ఫోటో తీసేవారేమో.

"నా చోటు ఇది కాదు సార్," అంది.

అంతే అని నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. రెండో వరస బస్సులు దాటి, టైర్ల గుట్ట దాటి, గొట్టం పడి ఉన్న తడి నేల మీదికి. ముందు కర్నల్ బూట్లు వినిపించాయి. వెనక మిసెస్ ఆస్‌బర్గ్ చిన్న చిన్న అడుగులు. తర్వాత అందరివీ.

నీలం పెట్టె పక్కన నిలబడి, అటు తిరిగింది. "ఇక్కడ సార్."

కర్నల్ వంగి చక్రాల కింద చెక్కలు చూశాడు. మోకాళ్ళు పటపటమన్నాయి. వేలితో అట్టడుగు సొరుగు అంచు రాసి, ఆ వేలు చూసుకున్నాడు.

"ఎప్పటినుంచి?"

"నేను క్యాంపులో ఉన్నప్పటినుంచి."

"తాత్కాలికం సార్!" వెండెల్ నీళ్ళలోకి దిగలేక గట్టు మీదే ఆగాడు. "అక్కడ నేల బాగుచేయిస్తున్నాం కాబట్టి..."

"తాత్కాలికమైతే చక్రాల కింద చెక్కలెందుకు?" అంది డార్సీ. "ఆ ఎర్ర పెట్టె ఎవరిది? ఒకటో తారీకు నుంచి ఫోర్‌మన్ ఎవరు? చెప్పండి వెండెల్. అందరూ ఉన్నారు."

కర్నల్ సంచిలోంచి కాగితం తీశాడు. అద్దాలు పెట్టుకుని, మూడో వాక్యం పైకి చదివాడు. నా స్థానాన్ని నా కోసం అలాగే అట్టిపెట్టారు. కాలువలోకి నీళ్ళు గలగలమని పోతున్నాయి.

"ఈ సంతకం నీదేనా సార్జెంట్?"

"నాదే సార్."

"రాసింది?"

"నేను కాదు. కానీ కొలవకుండా సంతకం పెట్టాను. ఆ తప్పు నాదే. ఒకసారి ఇలా ఇవ్వండి."

కాగితాన్ని పెట్టె మూత మీద పరిచింది. జేబులోంచి పెన్ను తీసి, తన సంతకం మీద ఒక్క అడ్డగీత గీసింది. నిదానంగా, తిన్నగా. కింద పేరు ఇంకా చక్కగా చదవడానికి వస్తోంది. పక్కన డి.హెచ్. అని రాసి, తేదీ వేసి, కర్నల్‌కి తిరిగి ఇచ్చింది.

గుంపులోంచి ట్రెంట్ గొంతు సవరించుకున్నాడు. ఆ గీత ఏంటో అక్కడ అందరికన్నా అతనికే బాగా తెలుసు.

కర్నల్ ఫలకం బయటికి తీయనే లేదు. సంచి మూతి తాడు ఇంకాస్త బిగించాడు. "మిస్టర్ ప్రీబ్, చట్టం గురించి మీకు ఫోను చేసి మాట్లాడే మనిషి వేరే ఉంటాడు. వచ్చే వారం చేస్తాడు," అన్నాడు మర్యాదగా.

మిసెస్ ఆస్‌బర్గ్ అప్పటిదాకా నోటుపుస్తకం తెరవలేదు. ఇప్పుడు తెరిచింది. "బ్రేకు కాగితాల మీద సంతకాలు ఎవరివి?"

"ఆర్నీవి, నావి."

"వాటిల్లోనూ ఇలాంటి గీతలున్నాయా?"

వెండెల్ మొహం పాలిపోయింది. ఆర్నీ కళ్ళు మూసుకున్నాడు.

"ఉన్నాయి మేడమ్," అంది డార్సీ. "తప్పు పడిన ప్రతిచోటా ఉన్నాయి. రండి, చూపిస్తాను."

ఆవిడ బల్ల దగ్గర నిలబడే నలభై నిమిషాలు చూసింది. ఒక్కో కాగితం తిప్పుతూ, అడ్డగీత కింద అంకె చదివి, పక్కనున్న అంకె చదివి, నోటుపుస్తకంలో ఏదో రాసుకుంది. వెళ్తూ వెళ్తూ, సోమవారం చెబుతామంది. ఏం చెబుతారో ఆవిడ మొహంలో లేదు. వెండెల్‌కి చెయ్యి ఇవ్వలేదు. డార్సీకీ ఇవ్వలేదు.

వెండెల్ ఆఫీసులోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. పనివాళ్ళు తలా ఒక దిక్కుకి చెదిరిపోయారు. కొందరు ఆమె వైపు చూడకుండా పోయారు. వాళ్ళ అప్పులు, పిల్లలు, సోమవారం దాకా పట్టని నిద్ర, అన్నీ ఆ వీపుల మీద కనబడ్డాయి. డార్సీ పెట్టె దగ్గరికి తిరిగి వచ్చి, స్కేలు తీసి, గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టింది.

ఠక్‌మని సుత్తి చప్పుడైంది.

ఆర్నీ మోకాళ్ళ మీద నీళ్ళలో కూర్చుని, మొదటి చక్రం కింద చెక్కను పక్కకి కొడుతున్నాడు. ప్యాంటు తడిసి నల్లబడింది. లేవడానికి ఓపిక లేక మోకాళ్ళ మీదే రెండో చక్రానికి జరిగాడు. డార్సీ సాయం చెయ్యలేదు. నాలుగో చెక్క ఊడాక అతను కొళాయి పట్టుకుని లేచి, పెట్టెకి భుజం ఆనించాడు. అది కదల్లేదు. ఎక్కడినుంచో ట్రెంట్ వచ్చి రెండో పక్క ఆనించాడు. అప్పుడు కదిలింది.

పొడి నేల మీద నాలుగు చక్రాల తడి గీతలు పడుతూ, టైర్ల గుట్ట దాటి, బస్సులు దాటి వెళ్ళింది. గుంట దగ్గర ఎర్ర పెట్టె అప్పటికే పక్కకి లాగేసి ఉంది.

ఆఫీసు తలుపు తెరుచుకుంది. "ఎవరు తోయమన్నారు దాన్ని?" అని అరిచాడు వెండెల్.

ఆర్నీ పెట్టెను గోడకి ఆనించి, సరిగ్గా పాత మరకల మీద చక్రాలు వచ్చేలా సర్ది, అప్పుడు తిరిగాడు. "ఫోర్‌మన్ తోయమన్నాడు."

"ఏ ఫోర్‌మన్?"

"నెలాఖరు దాకా నేనే కదా."

ముసలాయన ఆమె వైపు చూశాడు. డార్సీ థాంక్స్ చెప్పలేదు. కోపం ఇంకా అలాగే ఉంది, సోమవారం ఏమైనా సరే ఇంకా కొన్నాళ్ళు ఉంటుంది. స్కేలు వెలుతురులో పెట్టి చూసుకుంది. అంకెలు కనబడుతున్నాయి. సుద్దముక్క తీసుకుని గుంటలోకి దిగింది.

"పద్నాలుగో నంబరు తీసుకురా ట్రెంట్," అంది. "ఆర్నీ, నువ్వెక్కి తొక్కు."